ట్యాంకర్ మీద ప్లకార్డు ఎవరి కోసం? మీ మీ పనుల్లో ప్లకార్డు అంటే ఏమిటో చెప్పండి

గాజువాక శిక్షకుడు
సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. పెట్రోలు, గ్యాసు, ఆమ్లాలు మోసే ట్యాంకర్ల డ్రైవర్లకు మూడు రోజుల శిక్షణ ఇవ్వడం నా పని. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ఈ శిక్షణ ధ్రువపత్రం ఉంటేనే అలాంటి బండి తోలాలి. బండికి రెండు పక్కలా, వెనకా ఉండే అత్యవసర సమాచార ఫలకం గురించి ఒక పూట పాఠం ఉంటుంది. డ్రైవర్లు దాన్ని బోర్డు అంటారు, కర్మాగారాల భద్రతా విభాగంవాళ్లు ప్లకార్డు అంటారు.

ఈసారి నేను ప్లకార్డు అనగానే వెనక వరుసలోంచి ఒకతను, "ప్లకార్డంటే ధర్నాల్లో పట్టుకునేది కదా సార్, మన బండికెందుకు?" అన్నాడు. తరగతంతా నవ్వింది. నాకు మాత్రం ఆ ప్రశ్న మనసులో ఉండిపోయింది. మా డ్రైవర్లలో చాలామంది దృష్టిలో ఆ బోర్డు ఉన్నది రవాణా శాఖ తనిఖీ కోసం. అధికారికి కనిపిస్తే జరిమానా తప్పుతుంది, అంతే. దాన్ని చదవాల్సిన అసలు మనిషి వేరే ఉన్నాడని వాళ్లకు నమ్మకం కలిగేలా చెప్పాలని నా తపన.

ఇక్కడ రకరకాల ఉద్యోగాలవాళ్లు ఉన్నారు. మీ పనిలో ప్లకార్డు అంటే ఏమిటి, దాన్ని ఎవరు చదువుతారు, అది లేకపోతే ఏమవుతుంది? తరగతిలో చెప్పదగ్గ ఉదాహరణలు కావాలి.

కృష్ణలంక విలేఖరి
సోమవారం, రాత్రి 9:48

ధర్నా ప్లకార్డు గురించి నేను చెబుతాను. ఆ మాట రాయని వారం మాకు ఉండదు. బ్యానరు ఇద్దరు పట్టుకునేది, ఫ్లెక్సీ స్తంభానికి కట్టి వదిలేసేది, జెండా పార్టీది. ప్లకార్డు మాత్రం ఒక్క మనిషి చేతిలోది. మా ఫొటోగ్రాఫర్లు దానికోసమే వెతుకుతారు, ఎందుకంటే ముఖం, మాట ఒకే చట్రంలో దొరుకుతాయి. సంఘం ముద్రించి పంచిన ఒకే రకం అట్టలు వందున్నా ఫొటోకి పనికిరావు. ఎన్ని నెలల జీతం రాలేదో, ఏ మండలం నుంచి వచ్చిందో స్కెచ్ పెన్నుతో అట్టమీద రాసి పట్టుకున్న ఒక్క ఆయమ్మ ఫొటో పేజీ పైకి ఎక్కుతుంది.

మీ తరగతికి పనికొచ్చే సంగతి ఒకటుంది. 2018 మార్చిలో ప్రత్యేక హోదా విషయమై తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు లోక్‌సభలో అవిశ్వాస తీర్మానానికి నోటీసులిచ్చారు. అది చర్చకు రావాలంటే 50 మంది సభ్యులు లేచి నిలబడాలి, స్పీకర్ లెక్కపెట్టాలి. సరిగ్గా అప్పుడే అన్నాడీఎంకే సభ్యులు కావేరీ బోర్డు కోసం, తెరాస సభ్యులు రిజర్వేషన్ల కోసం ప్లకార్డులు పట్టుకుని స్పీకర్ బల్ల ముందు నిలబడ్డారు. సభ సద్దుమణగందే తలలు లెక్కించలేనంటూ అప్పటి స్పీకర్ సుమిత్రా మహాజన్ రోజు వెంట రోజు వాయిదా వేశారు. దాంతో తీర్మానాన్ని బలపరిచేవాళ్లు తమ సంఖ్య తెలిసేలా అంకెలు రాసిన ప్లకార్డులే పైకెత్తారు. అయినా ఆ సమావేశాల్లో చర్చ జరగలేదు. జులై 20న చర్చ, ఓటింగు జరిగి తీర్మానం వీగిపోయింది.

అసలు లోక్‌సభ నియమాల్లో 349వది ఇలాంటి ప్రదర్శనలు కూడదంటుంది. 2015 ఆగస్టులో 25 మంది కాంగ్రెస్ సభ్యులు అయిదు రోజుల సస్పెన్షన్‌కు గురైంది ప్లకార్డుల వల్లే. 2022 జులైలో మరో నలుగురిని కూడా ప్లకార్డుల వల్లే సస్పెండ్ చేశారు.

శంషాబాద్ మెకానిక్
సోమవారం, రాత్రి 10:30

నేను విమానాల నిర్వహణలో ఇంజినీరును. మాకు ప్లకార్డు అంటే చేత్తో పట్టుకునేది కాదు, అంటించేది. సీటు కింద లైఫ్ జాకెట్ ఉందని చెప్పేది, ఇంధనం పోసే మూత దగ్గర ఏ రకం ఇంధనమో చెప్పేది, చిన్న విమానాల్లో ఏ వేగం దాటకూడదో పైలట్ కళ్లముందు ఉంచేది, అన్నీ ప్లకార్డులే. విమానం రకానికి అనుమతి ఇచ్చేటప్పుడే వీటిలో చాలావాటిని నిర్ణయిస్తారు. ఒకటి ఊడిపోతే దాన్ని లోపంగా నమోదు చేస్తాం, సరిచేస్తాం.

ఇంకో రకం తాత్కాలికమైనది. ఏదైనా పరికరం పనిచేయడం లేదనుకోండి. అది లేకుండా ఎగరవచ్చని కనీస పరికరాల జాబితా ఒప్పుకుంటే, దాన్ని ఆపివేసి, మీట పక్కన పనిచేయదని పట్టీ అంటించి, లాగ్‌బుక్‌లో రాస్తాం. తెల్లవారి వచ్చే పైలట్‌కు మా ముఖాలు తెలియవు. అప్పటికి మా షిఫ్టు అయిపోయి ఇంటికి వెళ్లిపోతాం. ఆ పట్టీ అంటించకపోతే అతను ఆ మీటను నమ్ముతాడు. మీ డ్రైవర్లకు ఈ మాట చెప్పండి.

1973 జులై 11న రియో నుంచి వస్తున్న వరీగ్ సంస్థ బోయింగ్ 707 పారిస్ ఓర్లీ విమానాశ్రయం చేరబోతుండగా వెనక మరుగుదొడ్డిలో మంట లేచింది. పొగ కమ్మేసింది. పైలట్లు పొలంలో దించారు, కానీ 123 మంది చనిపోయారు. కాగితాల బుట్టలో పడ్డ సిగరెట్టే కారణం కావచ్చని భావించారు. ఆ తర్వాత మరుగుదొడ్లలో పొగతాగరాదనే ప్లకార్డులు, సిగరెట్లు బుట్టలో వేయరాదనే ప్లకార్డులు, తలుపు దగ్గర బూడిద గిన్నె అమెరికా విమానయాన శాఖ తప్పనిసరి చేసింది. విమానంలో పొగతాగడం పూర్తిగా నిషేధించాక కూడా ఆ గిన్నె ఎందుకని ప్రయాణికులు అడుగుతుంటారు. నిషేధాన్ని లెక్కచేయనివాడు కూడా సిగరెట్ పీకను కాగితాల్లోకి విసరకూడదు, అందుకు.

డిగ్రీ విద్యార్థిని
మంగళవారం, ఉదయం 7:05

ట్యాంకర్ వెనక 3వైఈ అని, కింద 1203 అని ఉంటుంది కదా. రోజూ బస్సులోంచి చూస్తాను. అది బండి నంబరేమో అనుకునేదాన్ని. ఎవరైనా చెప్పరా?

రాజమండ్రి ఫైర్, విశ్రాంతం
మంగళవారం, ఉదయం 8:20

అమ్మా, చాలా అవసరమైన ప్రశ్న అడిగావు. నేను అగ్నిమాపక శాఖలో పనిచేసి విరమించాను. శిక్షకుడు గారు వెతుకుతున్న అసలు చదువరి నాలాంటివాడే.

1203 అనేది ఐక్యరాజ్యసమితి సరుకు సంఖ్య. ప్రపంచంలో ఎక్కడైనా అది పెట్రోలే. 1202 డీజిలు, 1223 కిరోసిన్, 1075 వంట గ్యాసు, 1017 క్లోరిన్, 1005 అమ్మోనియా, 1830 సల్ఫ్యూరిక్ ఆమ్లం. పేరు చెరిగిపోయినా, వేరే రాష్ట్రం లిపిలో రాసినా ఈ నాలుగు అంకెలు దొరికితే మాకు సగం పని అయినట్టే.

ఇక 3వైఈ. ఇది హజ్‌కెమ్ సంకేతం, బ్రిటన్ అగ్నిమాపక దళాల నుంచి వచ్చింది. మొదటి అంకె మంటను దేనితో ఆర్పాలో చెబుతుంది. 1 అంటే నీటి ధార, 2 అంటే సన్నని నీటి తుంపర, 3 అంటే నురుగు, 4 అంటే పొడి పదార్థం, నీళ్లు ముట్టించకూడదు. సోడియం లోహానికి 4 ఉంటుంది. దానిమీద నీళ్లు కొడితే మంట పెద్దదవుతుంది, పేలుతుంది. తర్వాతి అక్షరం రెండు మూడు సంగతులు ఒకేసారి చెబుతుంది. వై అంటే సరుకు ఉధృతంగా స్పందించవచ్చు, శ్వాస పరికరం వేసుకోవాలి, కారిన ద్రవాన్ని కాలువలోకి కడగకుండా అక్కడే కట్టడి చేయాలి. అక్షరాల వరుసలో పీ, ఆర్, ఎస్, టీ ఉంటే నీళ్లతో పలచన చేసి కడిగేయవచ్చు. డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్ ఉంటే కడగరాదు. చివర 'ఈ' ఉంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన వెంటనే చేయాలి.

మూడే అక్షరాలు. ఇంత సమాచారం ఎవరినీ అడగకుండా, ఫోను చేయకుండా, దూరంగా నిలబడి తెలుసుకోవాలి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు బండిలో బైనాక్యులర్ పెట్టుకునేవాణ్ని. గాలి మా వీపుకు తగిలేలా నిలబడి ముందు బోర్డు చదివేవాళ్లం, తర్వాతే దగ్గరకు వెళ్లేవాళ్లం. డ్రైవరు బతికి ఉంటే అతన్నే అడగవచ్చు. బోల్తాపడ్డ ట్యాంకర్ దగ్గర డ్రైవరు స్పృహలో ఉంటాడని ఎవరు చెప్పగలరు? చాలాసార్లు భయంతో పారిపోతాడు కూడా. కేబిన్‌లో ఉండే అత్యవసర సూచనల కార్డు దానితో పాటే కాలిపోతుంది. మిగిలేది బోర్డే.

శిక్షకుడు గారూ, ఇది మీ డ్రైవర్లకు చెప్పండి. అక్కడికి వచ్చే పాతికేళ్ల ఫైర్‌మన్‌కు కూడా ఇంట్లో ఎదురుచూసేవాళ్లు ఉంటారు. అతను నీళ్లు కొట్టాలా నురుగు కొట్టాలా అన్నది మీరు శుభ్రంగా తుడిచి ఉంచిన ఆ అంకె మీద ఆధారపడి ఉంటుంది.

గూడెం లారీ యజమాని
మంగళవారం, ఉదయం 11:15

పెద్దలందరికీ నమస్కారం. చెప్పేవన్నీ బాగున్నాయి కానీ మా కష్టం కూడా వినండి. పెట్రోలు ట్యాంకరుకు ఇబ్బంది లేదు, ఎప్పుడూ అదే సరుకు. రసాయనాల ట్యాంకరు అలా కాదు. వెళ్లేటప్పుడు టోలుయీన్, వచ్చేటప్పుడు కడిగించి మిథనాల్. బోర్డు పెయింటుతో రాయించి ఉంటుంది. లోడింగ్ గేటు దగ్గర పది బళ్లు వరుసలో ఉన్నప్పుడు పెయింటర్‌ను ఎక్కడినుంచి తెస్తాం? పంపే కంపెనీవాళ్లు స్టిక్కర్ ఇవ్వరు. దారిలో తనిఖీవాళ్లు ఏదో ఒక బోర్డు ఉందా లేదా అని చూస్తారు తప్ప లోపల సరుకుతో పోల్చి చూడరు. రెండూ మండేవే, రెండూ ప్రమాదకర సరుకుల్లో మూడో తరగతే (మండే ద్రవాలు), రెండింటికీ అదే ఎర్ర వజ్రాకారం. అంత తేడా ఏముంది?

రాజమండ్రి ఫైర్, విశ్రాంతం
మంగళవారం, మధ్యాహ్నం 12:40

తేడా ఉంది బాబూ, ప్రాణాలు పోయేంత తేడా ఉంది. టోలుయీన్ 1294. నీళ్లలో కలవదు, మామూలు నురుగు దానిమీద దుప్పటిలా పరుచుకుంటుంది. మిథనాల్ 1230. అది నీళ్లలో కలిసిపోతుంది, మామూలు నురుగులోని నీటిని లాగేసుకుని ఆ పొరను విరిచేస్తుంది. దానికి ఆల్కహాలును తట్టుకునే నురుగు వేరే ఉంటుంది. హజ్‌కెమ్ సంకేతం ముందు చిన్న చుక్క పెట్టేది ఆ సంగతి చెప్పడానికే. పైగా మిథనాల్ మంట పట్టపగలు కంటికి సరిగా ఆనదు. బోర్డు మీద 1294 చూసి వెళ్లిన కుర్రాడు మంట లేదనుకుని అందులోకి నడుస్తాడు.

బోర్డు లేని బండి దగ్గర మేం అనుమానంతో ఉంటాం, దూరం పాటిస్తాం. తప్పుడు బోర్డు ఉన్న బండి దగ్గర ధైర్యంగా వెళ్తాం. నా అనుభవంలో రెండోదే ఎక్కువ ప్రమాదం.

పెయింటుకు బదులు జారుడు చట్రం పెట్టించండి. అంకెల పలకలు, తరగతి గుర్తు పలకలు కేబిన్‌లో ఉంచుకుంటే గేటు దగ్గరే మార్చుకోవచ్చు. ఒకసారి పెట్టుబడి. సరుకు వివరాలు, దాని ప్రమాదాలు రాతపూర్వకంగా ఇవ్వాల్సిన బాధ్యత సరుకు పంపేవారిదని నియమాల్లోనే ఉంది. ఇవ్వకపోతే లోడు ఎత్తకండి, ఆ హక్కు మీకుంది.

ఇంకొక మాట. ఖాళీ ట్యాంకరే కదా అని బోర్డు మూసేవాళ్లు ఉన్నారు. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. నిండు ట్యాంకులో ద్రవం పైన ఆవిరి అంతకంటే చిక్కగా ఉంటుంది. ఖాళీ చేశాక గాలి చొరబడి సరిగ్గా ఆ హద్దుల్లోకి వస్తుంది. వెల్డింగ్ షెడ్లలో పేలేవి ఖాళీ ట్యాంకులే. కడిగి, ఆవిరి పోయిందని పరీక్షించేదాకా బోర్డు అలాగే ఉండాలి.

ఫ్రీమాంట్ శారద
మంగళవారం, మధ్యాహ్నం 2:00

కాలిఫోర్నియా నుంచి రాస్తున్నాను. ఇక్కడి తెలుగు ఇళ్లలో ప్లకార్డు అంటే కారు అద్దానికి తగిలించేది. నడవలేనివాళ్లకు మోటారు వాహనాల శాఖ ఇచ్చే పార్కింగు అనుమతి. శాశ్వతమైనది నీలం, తాత్కాలికమైనది ఎరుపు. నాన్నగారు మోకాలి శస్త్రచికిత్స తర్వాత మా దగ్గరికి వచ్చినప్పుడు దీని విలువ తెలిసింది. అడుగు తీసి అడుగు వేయలేని మనిషికి దుకాణం గుమ్మం ఎదుట చోటు దొరకడమంటే ఇంట్లోంచి బయటకు రాగలగడం.

అమ్మానాన్నల్ని రప్పించుకునేవాళ్లకు పనికొస్తుందని కొన్ని సంగతులు చెబుతాను. వైద్యుడి ధ్రువీకరణ కావాలి. తాత్కాలికం ఎక్కువలో ఎక్కువ 180 రోజులు. ఈ రాష్ట్రంలో నివాసం లేనివాళ్లకు 90 రోజుల వరకు చెల్లే ప్రయాణ ప్లకార్డు కూడా ఉంది. అది కారుకు ఇచ్చేది కాదు, మనిషికి ఇచ్చేది. ఆ మనిషి ఏ కారులో వెళ్తే ఆ కారుకు తగిలించవచ్చు. బండి నడిపేటప్పుడు తీసేయాలి, చూపుకు అడ్డొస్తుంది. పక్కన గీతలు కొట్టిన ఖాళీ స్థలంలో ప్లకార్డు ఉన్నా సరే ఆపకూడదు, అది చక్రాల కుర్చీ దింపుకునే చోటు.

ఒక విషయం బాధ కలిగిస్తుంది. తండ్రి ఇంట్లో ఉండగా ఆయన ప్లకార్డుతో సినిమాకు వెళ్లి గుమ్మం దగ్గర ఆపుకునే పిల్లలున్నారు. దానికి 250 నుంచి 1,000 డాలర్ల వరకు జరిమానా. జరిమానా సంగతి అటుంచితే, చక్రాల కుర్చీతో వచ్చిన ఇంకెవరో ఆ చోటు నిండిందని వెనక్కి వెళ్లిపోతారు. గూడెం యజమాని గారూ, ఫైర్ పెద్దాయన తప్పుడు బోర్డు గురించి చెప్పింది చదివి ఇది రాయాలనిపించింది.

యానాం నుంచి పారిస్‌కు
మంగళవారం, సాయంత్రం 4:30

మాది యానాం. తాతగారి తరం నుంచి ఫ్రాన్స్‌తో రాకపోకలున్నాయి. ఇక్కడ ప్లకార్డు అంటే గోడ అలమర! బట్టలు, గిన్నెలు పెట్టుకునేది. ఉద్యోగిని ప్లకార్డులో పెట్టారంటే పని ఇవ్వకుండా మూల కూర్చోబెట్టారని అర్థం. జీతం వస్తుంది, బల్ల ఉంటుంది, ఫైలు రాదు. అందుకే మీ శీర్షిక చూసి ట్యాంకరుకు అలమర ఎందుకా అని లోపలికి వచ్చాను.

చదివాక మీకు పనికొచ్చేది ఒకటి చెప్పగలను. ఐరోపా రోడ్ల మీద ట్యాంకర్లకు నారింజరంగు పలక ఉంటుంది, అడ్డగీతతో రెండు భాగాలు. పైన ప్రమాద సంఖ్య, కింద సరుకు సంఖ్య. పెట్రోలుకు పైన 33, కింద అదే 1203. అంకె రెండుసార్లు వస్తే ఆ ప్రమాదం తీవ్రమని. ముందు ఎక్స్ ఉంటే నీళ్లు తగలకూడదని. గాజువాకలో చదివిన డ్రైవరు ఇక్కడికి వచ్చినా కింది వరుస చదవగలడు.

కర్నూలు చరిత్ర మాష్టారు
మంగళవారం, రాత్రి 8:15

ఫ్రాన్స్ మాట వచ్చింది కాబట్టి అక్కడి ప్లకార్డుల చరిత్ర ఒకటి. 1534 అక్టోబరు 17 రాత్రి, తెల్లవారితే 18. పారిస్, ఓర్లియాన్, బ్లువా, తూర్, రువాన్ పట్టణాల్లో గోడల మీద ముద్రిత పత్రాలు వెలిశాయి. క్యాథలిక్ పూజావిధానాన్ని ఘాటుగా ఖండించే నాలుగు అంశాలు వాటిలో ఉన్నాయి. రాసింది ఆంత్వాన్ మార్కూర్ అనే మతబోధకుడు, అచ్చయింది స్విట్జర్లాండ్ వైపున్న నూషాటెల్‌లో. అంబ్వాజ్ కోటలో రాజు మొదటి ఫ్రాన్సిస్ పడకగది తలుపుకే ఒకటి అంటించారు. అంతవరకు చర్చి సంస్కరణవాదుల పట్ల కొంత మెతకగా ఉన్న రాజు ఒక్కసారిగా తిరగబడ్డాడు. పట్టుబడినవాళ్లలో పలువురిని సజీవదహనం చేశారు. మరుసటి జనవరిలో అచ్చు పనినే నిషేధించాడు. సంస్కరణవాది జాన్ కాల్విన్ దేశం విడిచి పోయింది ఆ రోజుల్లోనే. ఒక కాగితం చేసిన పని ఇది. దాన్ని రాసినవాడు ఆ గదిలోకి ఎన్నటికీ వెళ్లలేడు, కాగితం మాత్రం తలుపు దాకా వెళ్లింది.

నా పాఠంలో దీనికంటే ఎక్కువసేపు ఆగేది అమెరికాలోని మెంఫిస్ దగ్గర. 1968 ఫిబ్రవరి 1న వాన కురుస్తుంటే ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు నల్లజాతి పారిశుద్ధ్య కార్మికులు చెత్తబండి వెనక తలదాచుకున్నారు. చెత్తను నొక్కే యంత్రం దానంతటది పనిచేసి ఇద్దర్నీ నలిపేసింది. ఫిబ్రవరి 12న సుమారు 1,300 మంది కార్మికులు సమ్మెకు దిగారు. ఏ వయసువాణ్నయినా అబ్బాయ్ అని పిలిచే నగరంలో, వాళ్లు పట్టుకున్న ప్లకార్డు మీద "నేను మనిషిని" అన్న అర్థం వచ్చే నాలుగు ఇంగ్లిషు మాటలే ఉన్నాయి. జీతం మాట లేదు, యంత్రం మాట లేదు. వందల మంది చేతుల్లో అదే వాక్యం. వాళ్లకు అండగా వెళ్లిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న ఆ ఊళ్లోనే కాల్చి చంపారు. ఏప్రిల్ 16న సమ్మె ఒప్పందంతో ముగిసింది.

విలేఖరి గారూ, ఒకే రకం ప్లకార్డులు వందున్నా ఫొటోకి పనికిరావన్నారు. మెంఫిస్ ఫొటోల్లో బలం ఆ ఒకే రకంలోనే ఉంది.

కృష్ణలంక విలేఖరి
మంగళవారం, రాత్రి 8:50

మాష్టారూ, ఒప్పుకుంటాను. కానీ అక్కడ వాక్యం ప్రతి మనిషికీ సొంతం. "నేను" అని మొదలవుతుంది. సంఘం నాయకుడి పేరు, జెండా గుర్తు, కింద ముద్రాపకుడి ఫోను నంబరు ఉన్న ప్లకార్డులో ఆ "నేను" ఉండదు. నేను చెప్పదలచుకున్నది అది.

డిగ్రీ విద్యార్థిని అడక్కపోయినా చెబుతాను. ఊరేగింపులకు కర్ర లేని ప్లకార్డులు మేలు. మెంఫిస్‌లో మార్చి 28 ఊరేగింపులో కొందరు యువకులు ప్లకార్డు కర్రలతోనే దుకాణాల అద్దాలు పగలగొట్టారు, దాంతో పోలీసులు అందరి మీదా విరుచుకుపడ్డారు. మరునాటి ఊరేగింపులో కార్మికులు అట్టల్ని మెడలో వేలాడదీసుకుని, తుపాకులకు బాకులు తగిలించుకున్న సైనికుల పక్కనుంచి నిశ్శబ్దంగా నడిచారు.

కొలంబస్ వాసి
బుధవారం, ఉదయం 6:40

అమెరికాలోని ఒహాయోలో ఉంటాను, మా రాష్ట్రంలోని సంగతి. 2023 ఫిబ్రవరి 3 రాత్రి ఈస్ట్ పాలస్తీన్ అనే చిన్న ఊరి దగ్గర గూడ్సు రైలు పట్టాలు తప్పింది. 38 పెట్టెలు పడ్డాయి, అయిదింటిలో వినైల్ క్లోరైడ్ ఉంది, సరుకు సంఖ్య 1086. అగ్నిమాపక దళంలో ఎక్కువమంది స్వచ్ఛందంగా పనిచేసే ఊరివాళ్లే. వాళ్లు వెళ్లేసరికి మంటల్లో ప్లకార్డులు కరిగిపోయాయి, ఏ పెట్టెలో ఏముందో చదవలేకపోయారు. రైల్వే దగ్గరున్న సరుకుల జాబితా చేతికి రావడం ఆలస్యమైంది. ప్లకార్డులు అగ్నిప్రమాదాన్ని తట్టుకుని చదవగలిగేలా ఉండాలని జాతీయ రవాణా భద్రతా మండలి తర్వాత సిఫార్సు చేసింది.

మీ తరగతిలో ఇది తప్పక చెప్పండి. ఎంత చక్కటి పద్ధతి ఉన్నా పలక దేనితో చేశారన్నది కూడా ముఖ్యమే. కాగితం స్టిక్కర్ కంటే లోహపు పలక మేలు.

గోపాలపట్నం గృహిణి
బుధవారం, ఉదయం 10:10

ఇన్ని చదివాక ఒక ప్రశ్న అడగాలనిపిస్తోంది. 2020 మే 7 తెల్లవారుజామున మా దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్మి 12 మంది చనిపోయారు. అది లారీ కాదు, కర్మాగారంలో కదలని ట్యాంకు. దానికి ప్లకార్డు ఉండదా? ఉంటే గోడకు బయట ఉన్న మాకు ఎందుకు కనిపించదు?

రాజమండ్రి ఫైర్, విశ్రాంతం
బుధవారం, ఉదయం 11:30

తల్లీ, మీ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. కదలని ట్యాంకులకు చాలా కర్మాగారాల్లో నాలుగు గళ్ల వజ్రాకారం వేస్తారు. ఎడమ నీలం ఆరోగ్యానికి, పైన ఎరుపు మంటకు, కుడి పసుపు అస్థిరతకు, కింద తెలుపు ప్రత్యేక సూచనకు. 0 నుంచి 4 వరకు అంకెలు, ఎక్కువైతే ప్రమాదం ఎక్కువ. కానీ అది గేటు దాటి లోపలికి వెళ్లే సిబ్బంది కోసం. గోడ అవతలి ఊరికి అది కనిపించదు, కనిపించినా ఆ తెల్లవారుజామున ఎటు పరుగెత్తాలో చెప్పదు.

ఊరికి చెప్పాల్సిన పద్ధతి చట్టంలో వేరే ఉంది. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు భోపాల్ తర్వాత 1989లో వచ్చాయి. వాటి 15వ నియమం ప్రకారం, పెద్ద ప్రమాదం జరిగితే దెబ్బతినే అవకాశమున్న బయటి ప్రజలకు ప్రమాద స్వభావం, అప్పుడు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నవి కర్మాగారం ముందుగానే తెలపాలి. జిల్లా యంత్రాంగం దగ్గర ఆవరణ బయటి అత్యవసర ప్రణాళిక ఉండాలి. మీ కాలనీ సంఘం తరఫున కలెక్టరు కార్యాలయానికి, కర్మాగారాల తనిఖీ శాఖకు రాతపూర్వకంగా అడగండి. మీ చుట్టూ ఏ ఏ సరుకులున్నాయి, సైరను మోగితే ఏ వైపు వెళ్లాలి, ఈ రెండూ పెద్ద అక్షరాల తెలుగులో వీధి చివర రాసి పెట్టమని అడగండి. మీరు అడగాల్సిన ప్లకార్డు అది. అవసరమైతే ఆ వినతిపత్రం రాయడానికి నేను సాయం చేస్తాను.

గోపాలపట్నం గృహిణి
బుధవారం, మధ్యాహ్నం 12:05

ధన్యవాదాలు బాబాయిగారూ. ఆదివారం సంఘం సమావేశంలో పెడతాను. ఆ 15వ నియమం పూర్తి పాఠం మీ దగ్గరుంటే ఇక్కడ పెట్టండి.

గాజువాక శిక్షకుడు
బుధవారం, రాత్రి 9:30

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. పాఠం మార్చాను. ఇకనుంచి నియమం సంఖ్యలతో మొదలుపెట్టను. ముందు మెంఫిస్ ఫొటో, తర్వాత విమానం మీట పక్కన పట్టీ, తర్వాత కారు అద్దానికి వేలాడే నీలం పలక చూపిస్తాను. ఒక్కోదానికి "ఇది ఎవరు చదవాలి?" అని డ్రైవర్లనే అడుగుతాను. ఆఖరున బండి బోర్డు దగ్గరకు వస్తాను.

ఆ తర్వాత ఆరుబయట ఒక అభ్యాసం. నియమాల ప్రకారం పేరు అక్షరాలు 50 మిల్లీమీటర్లకు, సరుకు సంఖ్య 100 మిల్లీమీటర్లకు, తరగతి గుర్తు 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. రెండు బోర్డులు పెడతాను, ఒకటి తుడిచినది, ఒకటి మట్టి కొట్టుకుపోయినది. ఒక్కొక్కరిని వెనక్కి నడిపిస్తూ ఎక్కడిదాకా చదవగలరో నేల మీద సున్నంతో గీత గీయిస్తాను. బైనాక్యులర్ కూడా తెస్తాను. గూడెం యజమాని గారూ, మీకు వీలైతే మీ రసాయనాల ట్యాంకరు ఒకటి ఆ రోజుకు కావాలి.

గూడెం లారీ యజమాని
గురువారం, ఉదయం 7:20

తప్పకుండా పంపిస్తాను సార్. జారుడు చట్రానికి నిన్ననే మా బాడీ కట్టే షెడ్డులో చెప్పాను, మూడు వైపులా లోహపు పలకలతో. 1230, 1294, 1170 (ఇథనాల్) మూడు జతలు చేయిస్తున్నాను. ఖాళీగా వచ్చేటప్పుడు ఏ పలక ఉండాలో డ్రైవరుకు మీరే ఒకసారి చెప్పండి, నా మాటకంటే మీ మాట వింటాడు. శిక్షణ ఏ రోజు, ఎన్నింటికి?

గాజువాక శిక్షకుడు
గురువారం, ఉదయం 7:45

వచ్చే బుధవారం, ఉదయం 10 గంటలకు. ట్యాంకు కడిగించి, ఆవిరి పరీక్ష కాగితం డ్రైవరు చేతికిచ్చి పంపండి. కాగితం లేకపోతే బండిని ఆవరణలోకి రానివ్వను.